పులులను లెక్కించు కన్ను



నాంపల్లి పబ్లికు గార్డెన్సును పెద్దవారు బాగె ఆమ్ అనియే పిలుతురు. అందొకప్పుడు జంతుప్రదర్శనశాల యుండెడిది. 1963వ సంవత్సరమున మీరాలం చెఱువు చెంత నెహ్రూ జంతుప్రదర్శనశాల తెఱచిన పిమ్మట మృగములన్నియు నచ్చటికి తరలిపోయినవి. బోనులోని పులులను లెక్కించుట మనము వంటయింటి గిన్నెలను లెక్కించుకొనుట వంటిది. రాత్రి తలుపు మూయునపుడు చూచుకొన్న చాలును. అడవిలోని పులి యట్టిది కాదు. మనము దానిని చూడకమున్నే యది మనలను చూచి తప్పుకొనును. దానిని లెక్కించు టెట్లు? ఈ మాసమున నా సంగతి ముచ్చటింప దలచితిని. పులుల లెక్క మన కేల యనకుడు. ఆ లెక్కలో మనవంటి స్త్రీలును చిక్కుకొనుచున్నారు.

భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము మీరెల్లరు నెఱిగినదే. ఋతుపర్ణ మహారాజు రథముపై పోవుచు, త్రోవలోని తాండ్రచెట్టును చూచి, దిగకయే దాని యాకులెన్నియో కాయలెన్నియో చెప్పెను. బాహుకుని వేషముననున్న నలునికి నమ్మకము చాలలేదు. రథమాపి, చెట్టును నఱికి, కాయలు లెక్కించి, సరిపోయిన పిమ్మట గాని యొప్పుకొనలేదు. కొంచెము చూచి యంతయు చెప్పు విద్య మనకు క్రొత్త కాదు. అన్నము పదను తెలియుటకు మెతుకు పట్టి చూచు ప్రతి గృహిణికిని అది తెలిసినదే. కాని సరిచూచుకొనుటకై, పాపము, చెట్టే పోయినది గదా!

మృగపక్షుల విషయమున నీ నలుని పద్ధతియే చాలకాలము సాగినది. 1931-32లో సలీం ఆలీగారు నైజాము రాజ్యమంతట తిరిగి పక్షులను పరిశోధించిరి. ఆబిడ్సులో ఆదివారము కాలిబాటపై పఱచు పాతపుస్తకములలో ఆయన పక్షుల పుస్తకమొకటి మావారికి దొరకినది. మా యింట పిల్లల కన్న నేనే దానిని విడువను. అట్టి పక్షిప్రియుడు సైతము పిట్టను తుపాకితో కొట్టి, చర్మమును భద్రపఱచి, పేరు నిర్ణయింపవలసి వచ్చెను. ఆనాటి పండితుల యాచారమది.

పులులకు పాదముద్రల లెక్క యుండెడిది. 1966లో ఒరిస్సాలో ఎస్.ఆర్. చౌధురిగారు దానిని ప్రవేశపెట్టిరి. ముద్రపై గాజుపలక నుంచి, ఆకారము గీసికొని, ఈ పాదము ఈ పులిదని నిర్ణయించెడివారు. తడిమన్నులో నొక యాకారము, పొడిమన్నులో వేఱొకటి. ఒక్క పులి రెండు పులులగుట కేమి కష్టము? పైగా తన యడవిలో పులులు తగ్గినవని పై యధికారికి వ్రాయుటకు ఏ చిన్న యుద్యోగికి గుండె చాలును? 2001-02 లెక్కలో దేశమున 3,642 పులులున్నవనిరి. 2005 నాటికి రాజస్థానములోని సరిస్కాలో నొక్క పులియు మిగులలేదని బయటపడెను; దస్త్రములలో మాత్రము అవి బ్రతికియే యుండెను. క్రొత్తపద్ధతిని లెక్కింపగా 2006 నాటికి దేశమంతట తేలినవి 1,411.

ఆ క్రొత్తపద్ధతి యిట్టిది. పులి చారలు మన వ్రేలిముద్రల వంటివి. ఒకదానివి వేఱొకదానికి రావు, కుడిప్రక్కవి యెడమప్రక్కకును రావు. కావున నడవిబాటకు రెండు వైపులను కెమెరాలు కట్టుదురు. వెచ్చని దేహమేదైన నెదుట మెదలినంతనే అవి తమంతట తామే బొమ్మ తీయును. బొమ్మకు చిక్కినవానినిబట్టి చిక్కనివానిని లెక్కకట్టుదురు. ఈ యుపాయమును మీరింటనే చేసి చూడవచ్చును. డబ్బాలోని చింతగింజలలో 50 తీసి, ఒక్కొక్కదానికి సున్నపుబొట్టు పెట్టి, మరల నందే కలిపివేయుడు. మఱునాడు కన్నులు మూసికొని 60 తీయుడు. అందు 10 గింజలకు బొట్టున్నచో ఆరింట నొకటి బొట్టుగింజ యన్నమాట. కావున డబ్బాలో సుమారు 300 గింజలు. పండితులు దీనికి సవరణలెన్నియో చేర్చుదురుగాని మూలమిదియే.

2022 లెక్కకు 32,588 తావులలో కెమెరాలు పెట్టిరి. వచ్చిన బొమ్మలు 4,70,81,881. అందు పులిబొమ్మలు 97,399 మాత్రమే. 480 బొమ్మలు త్రిప్పిన నొక్కటి! మనుష్యులు కూర్చుండి చూచుటకు ఏండ్లు పట్టును. ఇచ్చటనే మెషీన్ లెర్నింగు అను విద్య యక్కఱకు వచ్చినది. పిల్లవానికి పలకపై అక్షరములు దిద్దించినట్లు, ఇది పులి, ఇది చిఱుత, ఇది దుప్పి యని వేలకొలది బొమ్మలను కంప్యూటరునకు చూపుదురు. తప్పు చెప్పినపుడెల్ల దిద్దుదురు. కొంతకాలమునకు అది క్రొత్తబొమ్మను చూచి తానే పేరు చెప్పగలుగును. నేర్పనిది దానికి రాదు. నేర్పినదానిలోను అప్పుడప్పుడు పొరబడును. మావారి బడిపిల్లలకు నిదే లక్షణము గనుక నాకు వింత తోపలేదు. కావుననే యంత్రము విడదీసిన బొమ్మలను నిపుణులు మరల చూచి, చారలు పోల్చి, ఇది ఫలాని పులియే యని నిశ్చయింతురు. అట్లు బొమ్మకు చిక్కిన పులులు 3,080. మొత్తమునకు వేసిన యంచనా 3,682. ఆంధ్రప్రదేశమున 2018లో 48 ఉండగా 2022లో 63 అయినవి. మన తెలంగాణమున 26 ఉండగా 21 అయినవి. తగ్గినందుకు విచారమే; కాని తగ్గినదానిని తగ్గినదని వ్రాసిన యా కాగితము సరిస్కా దస్త్రముకన్న నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును.

ఇక డ్రోను. పెండ్లిండ్లలో మన తలలపై తూనీగవలె ఝుమ్మని తిరుగుచు బొమ్మలు తీయునదే. దట్టమైన యాకుల చాటుననున్న పులికి దీనివలన ప్రయోజనము స్వల్పము. ఇసుకతిన్నెలపైని మొసళ్లకును, నీటిపక్షులకును బాగుగ పనికివచ్చును. ఆస్ట్రేలియాలో అడిలైడు విశ్వవిద్యాలయమువారు ముచ్చటైన పరీక్ష యొకటి చేసి 2018లో ప్రకటించిరి. సముద్రతీరమున ప్లాస్టికు బాతులను వేలకొలది పేర్చి, ఒకవంక మనుష్యులచేత దుర్భిణులతో లెక్కించిరి, వేఱొకవంక డ్రోనుతో బొమ్మలు తీయించి లెక్కించిరి. అసలు లెక్క వారికి ముందే తెలియును గదా! డ్రోను బొమ్మల లెక్కయే సత్యమునకు చేరువగా నుండెను. చెట్టు నఱకకయే ఋతుపర్ణుని పరీక్షించినట్లయినది.

అయినను ఆ ఝుంకారము మృగములకు సరిపడునా? అమెరికాలో మినసోటా రాష్ట్రమున ఎలుగుబంట్ల దేహములలో గుండెచప్పుడు తెలుపు పరికరములుంచి, పైన డ్రోను నెగురవేసి చూచిరి. 2015లో వెల్లడియైన సంగతి యిది. ఎలుగులు చాలవఱకు పరుగెత్తలేదు, కదలనైన కదలలేదు. కాని యొక తల్లి యెలుగు గుండె నిమిషమునకు 41 నుండి 162 సారులకు పెరిగినది. పాఱిపోలేదు గనుక బెదరలేదనుకొనుట యెంత పొరపాటు! ఈ మాట ఎలుగులకే పరిమితము కాదని మీకిప్పుడే తెలియును.

480 బొమ్మలలో పులిది యొక్కటియైనచో తక్కినవి యేమి? దుప్పులు, పందులు, ఊరి పశువులు, వానితోపాటు మనుష్యులు. అడవియంచు పల్లెలలో కట్టెలకును గడ్డికిని అడవికి పోవువారు స్త్రీలే గదా. ఉత్తరాఖండములోని కార్బెటు పులుల యడవి చుట్టునున్న పల్లెలలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ గారు 14 మాసములుండి 270 మందితో మాటలాడి, 2024లో తెలిపిన సంగతులు చదువగా నాకు నిద్రపట్టలేదు. బహిర్భూమికి పోయిన యొక స్త్రీ బొమ్మ యడవి కెమెరాలో పడగా, కొందఱు యువకులు దానిని సెల్ ఫోనులలో ఊరంతట త్రిప్పిరట. ఊరివారు మండిపడి, దొరకిన కెమెరాలనెల్ల పగులగొట్టి కాల్చిరి. స్త్రీలను అడవినుండి బెదరించి పంపుటకై డ్రోనులను వారి తలలపై నెగురవేయుటయు కలదట.

ఇంకొక సంగతి కలదు. అచ్చటి స్త్రీలు అడవిలో గొంతెత్తి పాడుకొనుచు పోవుదురు. ఏనుగులును పులులును ఆ సవ్వడి విని దూరముగ తొలగును. ఇంట త్రాగుబోతు భర్తల బాధ పడువారికి చెలులతో మనసువిప్పి మాటలాడుకొను చోటును ఆ యడవియే. చెట్టుచెట్టున కన్నున్నదని తెలిసిన పిమ్మట వారి పాట సన్నగిలినది, మాటలు గుసగుసలైనవి. పాట మానిన స్త్రీ పులి యెదుట హఠాత్తుగా పడును. పులిని కాపాడుటకు పెట్టిన కన్ను స్త్రీని పులివాత పడవేయుట యెట్టి వైపరీత్యమో మీరే యోచింపుడు.

కన్నులు పీకివేయుడని నేననను. కన్ను లేనినాడు సరిస్కాలో నేమైనదో పైన చెప్పితిని. అదియునుగాక బొమ్మను చూచి జంతువా, మనిషియా, బండియా యని విడదీయు మెగాడిటెక్టరు అను కంప్యూటరు ఉపకరణము మైక్రోసాఫ్టువారు తయారుచేసినది యిప్పటికే వాడుకలో నున్నది. మనిషియున్న బొమ్మను ఎవరి కంటను పడనీయక తొలగించుటకు యంత్రమే చాలును. తొలగింపుమని యాజ్ఞ యుండవలెను, అంతే. కెమెరా యున్న చోటును ఊరి స్త్రీలకు ముందుగా తెలుపుటకు యంత్రమును అక్కఱలేదు, ఒక మనిషి నోరు చాలును.

మన నల్లమలలో అమ్రాబాదు పులుల యడవి కలదు. అచ్చటి చెంచుస్త్రీలు గడ్డలకును, ఇప్పపూలకును, జిగురుకును అడవికి పోవుదురు. వారు ఏ బాటను నడుతురో, ఏ నీటిపట్టున స్నానమాడుదురో, కొలతబద్దలతో వచ్చిన యుద్యోగికి తెలియదు, వారికే తెలియును. కెమెరా కట్టుటకు చెట్టును ఎంచునాడు ఆ బృందములో నొక చెంచు స్త్రీ యుండి, ఇచ్చట వలదు, అల్లదిగో ఆ మలుపున కట్టుడని చెప్పగలిగినచో పులి బొమ్మయు దొరకును.