చెవిని పక్కనపెట్టిన ఛందస్సు: పద్యబోధనపై ఒక ఆక్షేపణ

మన తెలుగు శాఖల్లో ఛందస్సు కంటి చదువుగా మిగిలిపోయింది. విద్యార్థి పద్యపాదాన్ని కాగితంపై రాసుకుంటాడు. అక్షరాల నెత్తిన గురులఘు చిహ్నాలు పెడతాడు, గణాలు విడదీస్తాడు, యతిస్థానం కింద గీత గీస్తాడు. ఆ పాదాన్నే చదివి వినిపించమంటే వచనంలా చదువుతాడు. ఉత్పలమాలకు యతి పదో అక్షరమని అర్హత పరీక్షలో గుర్తించి మార్కు తెచ్చుకున్నవాడు, ఆ అక్షరం పాదాదితో మైత్రి పాటించడం వల్ల చెవికి ఏమి అందుతున్నదో చెప్పలేడు. ఇందుకు విద్యార్థిని తప్పుపట్టడం మనకు అలవాటు. నిజానికి తప్పు మనం పెట్టిన వరుసలో ఉంది. అక్షరగణ వృత్తాలతో మొదలుపెడుతున్నాం, జాతులనూ ఉపజాతులనూ వాటి వెనక నడిపిస్తున్నాం, పాటను అసలు ఛందస్సు గడపే తొక్కనీయకుండా 'జానపద సాహిత్యం' అనే వేరొక పత్రానికి పంపేస్తున్నాం. ఈ వరుసను తిరగవేయాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ అభిప్రాయం నాకు గ్రంథపఠనం వల్ల ఏర్పడింది కాదు. నల్లగొండ జిల్లా హాలియా ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని కొన్నేళ్ల కిందట నా తరగతిలో ఉండేది. గణవిభజనలో ఎప్పుడూ వెనకబడేది. ఒకనాడు ద్విపద పాఠంలో, పరీక్షించే ఉద్దేశంతో, ఒక పాదంలో ఒక అక్షరం ఎక్కువ చేసి నల్లబల్లపై రాశాను. లెక్కలో దిట్టలైనవారు ఇంకా గీతలు గీస్తుండగానే ఆమె లోలోపల పాడుకొని, "మూడో మాటకాడ తట్టుకుంటున్నది సార్" అన్నది. తప్పు సరిగ్గా అక్కడే ఉంది. ఎలా తెలిసిందని అడిగితే, నాట్లప్పుడు తన అమ్మమ్మ పాడే కథపాట నడక అదేనని చెప్పింది. ఆమె చెవిలో ద్విపద ముందే ఉంది. మా పాఠం దానిని పలకరించలేదు, అంతే.

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పరిసరాలు వరిపొలాలయ్యాయి. వరి వెంట నాటు పాటలు, కోత పాటలు పెరిగాయి. బతుకమ్మ, కోలాటం, పీర్ల పండుగ ఆటపాటలు అంతకుముందు నుంచే ఉన్నవి. ఈ వాతావరణంలో పెరిగిన పిల్లకు మాత్ర అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. చప్పట్టుకూ చప్పట్టుకూ మధ్య పట్టే కాలం ఆమెకు తెలుసు. ఆ కాలానికి లఘువు, గురువు అని పేర్లు పెట్టడమే మనకు మిగిలిన పని.

వృత్తాల విషయంలోనూ చెవితో మొదలుపెడితే బరువు తగ్గుతుంది. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, చంపకమాలకు న జ భ జ జ జ ర అని రెండు జాబితాలు వల్లె వేయిస్తున్నాం. ఈ రెండింటికీ పాదానికి మాత్రలు ఇరవై ఎనిమిదే. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే వచ్చేది చంపకమాల. అందుకే అక్షరాలు 20 నుంచి 21 అయ్యాయి, యతి పది నుంచి పదకొండుకు జరిగింది. శార్దూల మత్తేభాల సంబంధమూ ఇదే: 19 అక్షరాలు 20 అవుతాయి, యతి పదమూడు నుంచి పద్నాలుగుకు వెళుతుంది, మాత్రలు ముప్పయి అలాగే ఉంటాయి. పద్యాన్ని రాగయుక్తంగా చదివేవారికి ఇది తెలిసిన సంగతే. మన ప్రశ్నపత్రాలు మాత్రం నాలుగు వృత్తాలను నాలుగు అపరిచిత వస్తువులుగా చూపుతున్నాయి.

ఇక ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణాలు ఆరు, సూర్యగణాలు రెండు కనుక ఒక పాదం 432 విధాలుగా నడవగలదు. ఇంద్రగణం నాలుగు మాత్రలదో అయిదు మాత్రలదో అవుతుంది, సూర్యగణం మూడు మాత్రలది. కాబట్టి పాదం పదిహేను మాత్రల నుంచి పద్దెనిమిది మాత్రల దాకా సాగుతుంది. ఇంత సడలింపు ఉన్న పాదం ఒకే తాళంలో ఎలా ఇముడుతున్నది? పాడేవారు నాలుగు మాత్రల గణాన్ని ఎక్కడ సాగదీస్తున్నారు? ఇది నిజమైన పరిశోధన ప్రశ్న. దీనికి జవాబు లక్షణ గ్రంథంలో కంటే గాయకుల గొంతులోనే ఎక్కువ దొరుకుతుంది. ప్రాసనియమం లేని మంజరీద్విపదకు కథాగేయాల నడక మరీ దగ్గరిది. (సినిమా పాటల పుణ్యమా అని నేడు ప్రాస అంటే అంత్యప్రాస అనుకునేవారే ఎక్కువ. రెండో అక్షరపు హల్లుసామ్యం అని ఎం.ఏ. తరగతిలో గుర్తు చేయవలసివస్తున్నది.)

దేశి ఛందస్సును ముందు పెట్టడం సంప్రదాయ విరుద్ధమన్న ఆక్షేపణకు చరిత్రే సమాధానం. నన్నయకు ముందటి అద్దంకి శాసనంలో ఉన్నది తరువోజ. ద్విపద పాదాలు రెండింటిని జోడిస్తే తరువోజ పాదం. కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాల శాసనంలో జినవల్లభుడు చెక్కించినవి కందాలు. కందమూ చతుర్మాత్రా గణాల మీద నిలిచిన పద్యమే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి ద్విపదను ఎంచుకోవడమే కాదు, పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు వంటి పాటల పేర్లను నమోదు చేశాడు. 1910లో గురజాడ ముత్యాల సరానికి నడక ఇచ్చినప్పుడు వృషభగతి రగడలోని మూడు నాలుగు మాత్రల కలయికే అందులో వినిపించింది. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను చేపట్టినప్పుడు ఆ నడకల్లో ఉన్న బలాన్నే వాడుకున్నాడు. వీరెవరూ వృత్తాల గుండా దేశికి రాలేదు.

పాటను ఛందస్సుగా ఒప్పుకోనివారి వాదంలో ఒక బలమైన అంశం ఉంది. పాటలో లఘువు గురువవుతుంది, గురువు ప్లుతమవుతుంది, లేని అక్షరం చోట 'ఉయ్యాలో' వంటి ఊతం వచ్చి కాలాన్ని నింపుతుంది. అచ్చులో చూసి గణాలు కట్టడం కుదరదు. నిజమే. మన పక్షంవారు కొందరు ఈ సంగతి మరచి, దొరికిన ప్రతి పాటనూ లాగి ద్విపద చేయబూనడం కూడా నాకు సమ్మతం కాదు. కాని అచ్చులో కుదరదు కనుక లక్షణమే లేదనడం ఏ న్యాయం? వచన పద్యానికి సైతం లక్షణం ఉన్నదా లేదా అని సంపత్కుమార, చేకూరి రామారావు పట్టుబట్టి చర్చించిన భాష ఇది. పాటకు ఆపాటి గౌరవం దక్కవద్దా?

అలంకారాల బోధనా ఈ దారినే ఉంది. రూపక లక్షణాన్ని తడుముకోకుండా ఒప్పజెప్పే విద్యార్థి, తన ఊరి తిట్టులో రూపకాన్ని పోల్చుకోలేడు. ఆ సంగతి వేరే వ్యాసానికి వదులుతున్నాను.

అన్నింటికంటే నాకు అభ్యంతరకరంగా తోచేది మన పరిశోధన పద్ధతి. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాలపై పరిశోధన చేసి ఏడు దశాబ్దాలు కావస్తున్నది. ఆ తరువాత ఎన్నో సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. నేను పరీక్షకుడిగా చూసినవాటిలో అధికభాగం పాటలను శ్రామిక గేయాలు, స్త్రీల పాటలు, పిల్లల పాటలు అని వస్తువును బట్టి పంచిపెట్టి ఊరుకున్నాయి. ఏ పాట ఏ గతిలో నడిచిందో, చప్పట్టు ఏ అక్షరం మీద పడిందో రాసినవి అరుదు. మాటలను మాత్రమే ఎత్తి రాసి గేయసేకరణ అన్నాం. నడక పోయిన పాట కాగితం మీద వచనమై కూర్చుంది. తరువాత వచ్చినవారు ఆ కాగితాన్ని చూసి, దీనికి ఛందస్సు లేదని తీర్పు ఇచ్చారు.

కనుక మొదటి సెమిస్టర్ ఛందస్సు పత్రం పాటతో, రగడతో, ద్విపదతో మొదలుకావాలి. వృత్తాలు చివర రావాలి. మార్కుల్లో కొంత భాగాన్ని చదివి వినిపించడానికి కేటాయించాలి. గేయసేకరణపై సమర్పించే ప్రతి సిద్ధాంత వ్యాసానికీ ధ్వనిముద్రణ, తాళసంకేతం తప్పనిసరి చేయాలి. ఈ చివరిది వెంటనే జరగాలి. సాగర్ ఆయకట్టులో వెదజల్లే సాగు, నాటు యంత్రాలు వచ్చాక వరుసకట్టి వంగి పాడే సందర్భమే తగ్గిపోతున్నది. ఆ విద్యార్థిని అమ్మమ్మ వయసువారే ఆ కథపాటలను మొదటి నుంచి చివరిదాకా పాడగలిగినవారు. వచ్చే వానాకాలం నాట్లకు మన పరిశోధకులు ఆ పొలాల గట్ల మీద ఉండాలి.