చెవితో చదివేవారికీ చోటు కావాలి

శాఖా గ్రంథాలయం ఏ ఊళ్లో ఉన్నా గోడ మీద ఒక బోర్డు తప్పకుండా కనిపిస్తుంది: ‘నిశ్శబ్దం పాటించండి’. పేపరు చదువుకునే పెద్దలకు, ఉద్యోగ పరీక్షలకు కుస్తీ పడుతున్న యువకులకు ఆ బోర్డు అవసరమే. కాని వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివితే తప్ప ఒక్క ముక్కా బుర్రకెక్కని పిల్లవాడు అక్కడికి వస్తే ఏమవుతున్నది? ఎవరో ఒకరు కసురుతారు. గ్రంథపాలకుడు మెత్తని మనిషైతే ‘ఇంటికి పట్టుకెళ్లి చదువుకో నాయనా’ అంటాడు. ఇంట్లో పక్కన కూర్చుని చదివించేవారే ఉంటే వాడు అంత దూరం రానే రాడు.

ఇటువంటి పిల్లలందరూ ఒక తీరు వారు కారు. కొందరికి తెలివికి లోటు లేదు. లెక్క నోటితో చెబుతారు, విన్న కథ పొల్లు పోకుండా అప్పజెబుతారు. అక్షరాల దగ్గరే చిక్కు. దీనిని డిస్‌లెక్సియా అంటున్నారు. తెలుగులో ప, ఫ, ష పక్కపక్కన పెడితే తేడా చిన్న గీత మాత్రమే. వ, మ కూడా అంతే. దీనికి తోడు గుణింతాలు, కింద వొత్తులు. అలవాటైన కంటికి తెలియదు గాని, ఆ పిల్లలకు పేజీ అంతా ముళ్లకంపలా కనిపిస్తుంది. మరి కొందరికి పుట్టుకతోనో, పసితనంలో వచ్చిన జబ్బుతోనో బుద్ధి ఎదుగుదల మందగిస్తుంది. వారికి పెద్ద పెద్ద బొమ్మలు, పేజీకి ఒకటి రెండు వాక్యాలు, చెప్పిందే మళ్లీ చెప్పే ఓర్పు కావాలి. ఈ ఇద్దరినీ కలిపి ‘మొద్దులు’ అనేయడం ఊళ్లలో పరిపాటి అయింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన చట్టం 21 రకాలను గుర్తించి, చదువులో వచ్చే ఈ ప్రత్యేక ఇబ్బందిని కూడా చేర్చింది. చట్టంలోనైతే చేరింది గాని గ్రంథాలయం గడప ఇంకా తొక్కలేదు.

‘మావాడికి చదువే రాదండీ, వాడికి లైబ్రరీతో ఏం పని?’ అని తల్లులే అంటూ ఉంటారు. ఆ మాట సరికాదు. మార్కులు, పాసు, ఫెయిలు లేకుండా పుస్తకం చేతికిచ్చే చోటు ఊళ్లో అదొక్కటే. పైగా బడి ఎంతకాలం? భవిత కేంద్రాలైనా బడి ఈడు పిల్లలకే. ఆ వయసు దాటిన తరువాత బుద్ధిమాంద్యం ఉన్న యువకుడికి పింఛను వస్తే రావచ్చు గాని, తెల్లవారితే పోవడానికి ఒక చోటంటూ లేదు. అరుగు మీద కూర్చోవడం, వచ్చే పోయే బస్సులు చూడడం, ఆకతాయిల చేత మాటలు పడడం. పాతికేళ్లకు, ముప్ఫయ్యేళ్లకు కూడా అదే అరుగు. తల్లి కూలికి వెళితే గొళ్లెం పెట్టి వెళ్లే ఇళ్లూ లేకపోలేదు.

పుస్తకమే జనం దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన ఆంధ్ర దేశానికి కొత్త కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపించి ఉద్యమానికి ఊపు తెచ్చారు. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో పుస్తకాలు తిరిగాయి. ఆనాడు సెస్సు లేదు, జీతాలు లేవు. ఈనాడు 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పడుతున్నది. అరుగు మీద కూర్చున్న ఆ కుర్రవాని తండ్రీ కడుతున్నాడు. (వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థకు సక్రమంగా జమ కావడం లేదన్న ఫిర్యాదు పాతదే. దాని కథ వేరు.)

ఇందుకు పెద్ద ఖర్చు కూడా లేదు. స్వీడన్ గ్రంథాలయాల్లో ఇటువంటి పిల్లల కోసం ‘ఆపిల్ అర’ అని వేరే అర పెడతారు. ఇక్కడ ఏ పేరు పెట్టినా సరే, అట్టలు ఎదురుగా కనిపించేటట్టు, చేతికందే ఎత్తులో ఒక్క అర ఉంటే చాలు. తెలుగులో బొమ్మల పుస్తకాలకు కొదవ లేదు. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం వంటి సంస్థలు తక్కువ ధరకే అందిస్తున్నాయి. ఇక చెవితో చదివే సంగతి. 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, మామూలు అచ్చు చదవలేని వికలాంగుల కోసం లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చుకోవచ్చు. అంటే, ఊళ్లో మంచి గొంతున్న యువకుడో, రిటైరైన పంతులుగారో ఒక కథ చదివి సెల్‌ఫోనులో రికార్డు చేసి అటువంటి వారికి వినిపిస్తే తప్పు లేదు. ఈ వెసులుబాటు సంగతి గ్రంథపాలకులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పక్కవారి చదువుకు భంగమన్న అభ్యంతరం రాకపోదు. అది న్యాయమే. వారానికి ఒక పూట, ఒక గంట, జనం పలచగా ఉండే వేళ చూసి ‘పైకి చదివే వేళ’గా కేటాయిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. రెండేసి గ్రంథాలయాలను ఒక్కరే చూసుకుంటున్న చోట్ల ఈ భారం కూడా గ్రంథపాలకుల నెత్తిన వేయడం సబబు కాదు. భవిత కేంద్రం ఉపాధ్యాయులకు ఆ పిల్లలు ఎవరో, ఎవరికి ఏది పట్టుబడుతుందో తెలుసు. నెలకు ఒకసారి వారు వచ్చి దారి చూపితే మిగిలిన వారాలు ఊరివారే నడుపుకోగలరు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యంపై పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉన్నది. జిల్లా నుంచి నలుగురు గ్రంథపాలకులను అక్కడికి పంపి తరిఫీదు ఇప్పించడం గ్రంథాలయ సంస్థకు తలకు మించిన పని కాదు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలు, వక్తృత్వ పోటీలు, బహుమతులు మామూలే. ఆ బహుమతులన్నీ బాగా చదివే పిల్లలకే పోతాయి. ఈసారి ఆ వారంలో ఒక రోజు భవిత కేంద్రం పిల్లలను, బడి ఈడు దాటి ఇళ్లలో ఉన్నవారిని తల్లిదండ్రులతో సహా పిలిచి, కుర్చీలు వేసి, కథ చదివి వినిపించాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ వచ్చే బడ్జెట్టులో ఆ అరకు, ఆ పుస్తకాలకు వేరే పద్దు కింద కొంత సొమ్ము చూపాలి.