పరీక్షకు ముక్కలు, జీవితానికి పుస్తకం

హైస్కూలు పిల్లలున్న మన ఇళ్ళలో శాట్ మాట వినని వారం ఉండదు. అమెరికాలో 2024 నుంచి ఆ పరీక్ష కంప్యూటర్ మీదే. ఇంగ్లీషు విభాగంలో 64 నిమిషాల్లో 54 ప్రశ్నలు. చదవాల్సిన భాగం 25 నుంచి 150 మాటలే, దానికి ఒక్కటే ప్రశ్న. ఆ సాధన అవసరమే, కాదనను. కానీ ముక్కలకే అలవాటుపడిన పిల్లలు రేపు కాలేజీలో మూడు వందల పేజీల పుస్తకం ముందు తడబడతారు. క్లాసులో పూర్తి నవల చదివించే టీచరును "ఇది పరీక్షకు పనికొస్తుందా?" అని అడగకండి, మెచ్చుకోండి. కోచింగుకు వారానికి మూడు గంటలిస్తే నచ్చిన పుస్తకానికీ మూడు గంటలివ్వండి. భోజనాల దగ్గర మార్కులకన్నా ముందు కథ అడగండి. పిల్లలూ, అమ్మానాన్నలకు ఆ కథ తెలుగులో చెప్పండి!