ఆరోగ్యం పేరుతో అందుతున్న చక్కెర

హైటెక్ సిటీలో పెద్దల ఒళ్లు ఎలా ఉందో లెక్కలు ఇప్పటికే చెప్పాయి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో ప్రకటించారు. ఆ ఇళ్లలో పెరుగుతున్న పిల్లల మీద మాత్రం అంత చర్చ జరగలేదు. పెద్దలు తెరిచే ఫ్రిజ్‌నే వాళ్లూ తెరుస్తారు, పది నిమిషాల్లో వచ్చే డెలివరీ సంచుల్లో వాళ్ల వాటా కూడా ఉంటుంది.

పిల్లలకు మిఠాయిలు పెట్టేటప్పుడు అమ్మానాన్నలు జాగ్రత్తగానే ఉంటున్నారు. అసలు చిక్కు ఆరోగ్యం ముసుగులో వచ్చే చక్కెరతోనే. పాలలో కలిపే పొడి, పండ్ల రసం డబ్బా, పొద్దున్నే తినే సీరియల్, ఫ్లేవర్డ్ యోగర్ట్... ఇవన్నీ మంచివనే నమ్మకంతోనే కొంటున్నారు.

ఈ నమ్మకం ఎంత ఖరీదైనదో బయటపెట్టింది కూడా హైదరాబాద్ డాక్టరే. విరేచనాలైన పిల్లలకు ‘ఓఆర్ఎస్’ పేరున్న తీపి పానీయాలు పట్టిస్తున్నారని గమనించిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు, హైకోర్టు తలుపు కూడా తట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత తీపి పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత ప్రాధికార సంస్థ, సూత్రానికి సరిపోని పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఒక పండ్ల పానీయం డబ్బాను తిప్పి చూడండి. వెనక సన్నటి అక్షరాల్లో ‘100 మిల్లీలీటర్లకు చక్కెర 12 గ్రాములు’ అని ఉందనుకుందాం. పిల్లవాడు తాగేది 200 మిల్లీలీటర్లు, అంటే 24 గ్రాములు, దాదాపు ఆరు చెంచాలు. రోజుకు 1500 క్యాలరీలు తీసుకునే పిల్లలకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలని చెప్పే, క్యాలరీల్లో 5 శాతం చక్కెర పరిమితి 19 గ్రాములే. ఆ ఒక్క డబ్బాతోనే హద్దు దాటిపోయింది. పైగా ద్రవంగా వెళ్లే తీపి కడుపు నిండిన భావన ఇవ్వదు కాబట్టి తిండి తగ్గదు. చక్కెరలో సగం ఫ్రక్టోజు. దాన్ని ప్రధానంగా కాలేయమే అరిగించుకోవాలి, మోతాదు మించితే కొవ్వుగా మారుస్తుంది. నోట్లో బ్యాక్టీరియా అదే చక్కెరను ఆమ్లంగా మార్చి పళ్లను తినేస్తుంది. బరువు పెరిగిన పిల్లల్లో కొందరికి మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారుతుంది. మట్టి అనుకుని తల్లులు రుద్ది రుద్ది కడుగుతారు. చాలాసార్లు అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న హెచ్చరిక.

తప్పంతా అమ్మల మీదికి నెట్టడం అన్యాయం. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, ‘విటమిన్లు ఉన్నాయి’ అని ముందు పెద్దక్షరాల్లో రాసి చక్కెరను వెనక దాచినప్పుడు, మోసపోయేవాళ్లను నిందించి లాభం లేదు. లేబుళ్లు చదవమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. చదవడానికి వీలుగా అచ్చు వేయించాల్సింది ప్రభుత్వమే.

నియమాలు లేక కాదు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న ఆహారాన్ని బడి క్యాంటీన్లలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2020 నిబంధనలే చెప్పాయి. తిండిలో, పానీయాల్లో చక్కెర ఎంతుందో చూపే ‘షుగర్ బోర్డులు’ బడుల్లో పెట్టమని సీబీఎస్ఈ 2025 మేలో ఆదేశించింది. కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి బడుల గేట్ల దగ్గర ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో అధికారులు తనిఖీ చేసి ఫలితాలను జనం ముందు పెట్టాలి. ప్యాకెట్ ముందు భాగంలోనే చక్కెరను చెంచాల లెక్కన చూపించాలి. ఇంట్లో మంచినీళ్లు, మజ్జిగ, కోసిన పండు మళ్లీ మామూలు కావాలి.

ఒక్క పేరు తీయించడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మిగతా డబ్బాలకూ అంత కాలం ఆగితే, ఈరోజు ఎల్‌కేజీలో ఉన్న పిల్లలు ఏడో తరగతికి వస్తారు. వాళ్ల కాలేయాలకు అంత గడువు లేదు.