పిప్పికీ లెక్క చెప్పాలి

బడ్జెట్ ప్రసంగాల్లో ఈ మధ్య రెండు మాటలు తప్పనిసరిగా వినిపిస్తున్నాయి. ఒకటి సమ్మిళిత అభివృద్ధి, రెండోది సుస్థిర అభివృద్ధి. పెరిగిన సంపద అందరికీ అందాలి, అది రేపటి తరానికీ మిగలాలి అని వాటి అర్థం. ఈ మాటలతో మనకు పేచీ లేదు. సంపద ఏ దారిలో రైతు ఇంటికి చేరుతుందో చెప్పకపోవడంతోనే పేచీ. ఆ దారి గురించి ఆలోచించడానికి ఈ నెల మనం మారిషస్ దేశం వైపు చూద్దాం.

హిందూ మహాసముద్రంలో ఉన్న ఆ దీవుల దేశం వైశాల్యం దాదాపు మన కోనసీమ జిల్లా అంత. జనాభా పన్నెండున్నర లక్షలకు కాస్త అటూ ఇటూ. దాని బతుకంతా ఒకప్పుడు చెరకు మీదే నడిచింది. ఆ చెరకు నాటిన చేతుల్లో మన తెలుగువాళ్ళ చేతులూ ఉన్నాయి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి కోరంగి రేవు మీదుగా ఓడలెక్కిన వారిని అక్కడ కోరంగివాళ్ళు అనేవారు. నేటికీ ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

ఆ ప్రయాణాలు సుఖంగా సాగినవి కావు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. బానిసల స్థానంలో పని చేయించుకోవడానికి తోటల యజమానులు అంతకు ముందు ఏడాది నుంచే భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను దింపుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అలా దిగినవారు నాలుగున్నర లక్షలకు పైనే. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పందం ముగిసినా ఊరికి తిరిగి వెళ్ళలేక చాలామంది అక్కడే ఉండిపోయారు. పందొమ్మిదో శతాబ్దం చివర పంచదార ధరలు పడిపోయినప్పుడు పెద్ద తోటల వాళ్ళు పనికిరావనుకున్న భూములను ముక్కలు చేసి అమ్మారు. కూలి డబ్బు పైసా పైసా కూడబెట్టి ఆ రాళ్ళ నేలలను కొన్నది వీళ్ళే. అగ్నిపర్వతాల నేల అది. రాయి ఏరి కుప్పపోస్తేగాని నాగలి దిగదు. ఆ కుప్పలు ఇప్పటికీ అక్కడి చెరకు తోటల మధ్య కనబడతాయి.

అలా కూలీ రైతయ్యాడు. కానీ చెరకు మిల్లు గేటు దాటాక లెక్క యజమానిదే. 1937లో చిన్న రైతులు ఎక్కువగా వేసే ఉబా రకం చెరకు ధరను మిల్లులు 15 శాతం తగ్గించాయి. ఆ రకంలో తీపి తక్కువని మిల్లులు చెప్పిన కారణం. పెట్టుబడి తక్కువ, దిగుబడి ఎక్కువ కాబట్టి పేద రైతుకు అదే ఆధారం. రైతులూ కూలీలూ కలిసి తిరగబడ్డారు. యూనియన్ ఫ్లాక్ తోట దగ్గర కాల్పుల్లో నలుగురు చనిపోయారు. విచారణ సంఘం వేశారు. మరుసటి ఏడాదే కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది. 1943లో బెల్ వ్యూ హారెల్ తోటలో మళ్ళీ తుపాకులు పేలాయి. అక్కడ చనిపోయినవారిలో అంజలై కూపెన్ అనే గర్భిణి ఉంది. ఈ రోజు మారిషస్ అభివృద్ధి గురించి రాసే ఆర్థికవేత్తలు ఈ పేర్లను తక్కువగా తలుస్తారు. సమ్మిళిత అభివృద్ధికి పునాది పడింది మాత్రం అక్కడే.

1961లో జేమ్స్ మీడ్ అనే ఆంగ్లేయ ఆర్థికవేత్త ఆ దేశ పరిస్థితి చూసి, పెరుగుతున్న జనాభా, ఒకే పంట, ఏటా వచ్చే తుపాన్లతో భవిష్యత్తు చీకటేనన్న ధోరణిలో నివేదిక ఇచ్చాడు. తర్వాత ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది గానీ, ఆ జోస్యం మాత్రం నిజం కాలేదు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చాక మారిషస్ తనను తాను నిలబెట్టుకుంది. ఎలా నిలబెట్టుకుందన్నది చెరకు రైతుగా మనకు పనికొచ్చే సంగతి.

అక్కడ మిల్లు చెరకును ఒక ధరకు కొనేసి చేతులు దులుపుకోదు. రైతు తెచ్చిన చెరకు నుంచి వచ్చిన పంచదారలో 78 శాతం రైతుది. ఆడినందుకు మిల్లుకు 22 శాతం. ఈ వాటా మిల్లు దయ కాదు, నిబంధన. కాటా, రసంలో తీపి శాతం మిల్లు మాట మీద వదిలేయరు, పర్యవేక్షించే అధికార సంస్థ ఉంది. వచ్చిన పంచదారనంతా 1919లో ఏర్పడిన సిండికేట్ ఒకే చోట నుంచి అమ్ముతుంది. అరెకరం రైతు పంచదారకూ వెయ్యెకరాల తోట పంచదారకూ విడివిడి బేరాలు ఉండవు. తుపాను, కరువు నష్టాలకు 1946 నుంచి బీమా నిధి ఉంది. చెరకు పండించే ప్రతివాడూ అందులో సభ్యుడే. 1960 ఫిబ్రవరిలో కరోల్ తుపాను తోటలను నేలకు కరిపించినప్పుడు రైతును ఆదుకోవడానికి అలాంటి నిధి ఉండడం ఎంత అవసరమో మనకు వేరే చెప్పక్కరలేదు. 1994లో మరో అడుగు వేశారు. రైతులు, కార్మికులు వాటాదారులుగా ఒక ట్రస్టు పెట్టి, మిల్లుల్లో 20 శాతం వాటా దాని చేతికిచ్చారు.

1975లో ఐరోపా దేశాలతో కుదిరిన ఒప్పందం వల్ల ఏటా 5 లక్షల టన్నులకు పైగా పంచదారకు హామీ ధర దక్కింది. చాలా ఏళ్ళు ఆ ధర ప్రపంచ మార్కెట్ కంటే బాగా ఎక్కువగా ఉండేది. అలా వచ్చిన లాభం తోటల యజమానుల బంగళాల్లోనే ఆగిపోలేదు. ఎగుమతి సుంకం రూపంలో కొంత ఖజానాకు చేరింది. ఆ సుంకంలో పెద్ద భారం పెద్ద తోటల మీదే పడేది. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితమైంది. ఆసుపత్రి ఉచితం. ముసలివాళ్ళకు పింఛను అంతకు ముందు నుంచే ఉంది. 1970 చట్టంతో బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి. చెరకు రైతుల ఆడపిల్లలు వేల సంఖ్యలో అక్కడ పనికి వెళ్ళారు. మొదట్లో వాళ్ళకు మగవాళ్ళ కంటే తక్కువ కూలి ఇచ్చారన్నదీ నిజమే. అయినా చెరకు డబ్బు బడిగా, ఆసుపత్రిగా, రెండో జీవనాధారంగా మారిందన్నది కాదనలేం.

ఇక్కడితో ఆపితే కథ సగమే చెప్పినట్టు. 2006 నుంచి నాలుగేళ్ళలో ఐరోపా హామీ ధరను 36 శాతం తగ్గించింది. పాత ఒప్పందం 2009లో ముగిసింది. 2017లో ఐరోపాలో పంచదార ఉత్పత్తిపై కోటాలూ పోయాయి. వాటా అంటే లాభంలో వాటాయే కాదు, ధర పడినప్పుడు నష్టంలోనూ వాటాయే. 78 శాతం అలాగే ఉంది, దాని విలువే కరిగిపోయింది. ఎరువు, కూలి, రవాణా ఖర్చు పెరిగాయి. పిల్లలు చదువుకుని పొలం వైపు చూడలేదు. వేల మంది చిన్న రైతులు చెరకు మానేశారు. తాతలు రాళ్ళేరిన భూముల్లో చాలా వాటిలో ఇప్పుడు తుప్పలు లేచాయి. స్వాతంత్ర్యం నాటికి ఇరవైకి పైగా ఉన్న మిల్లులు నేడు మూడు. పంచదార ఉత్పత్తి ఒకప్పటి దానిలో సగం కూడా లేదు. చివరికి 2019 పంటకు చిన్న రైతుకు మొదటి 60 టన్నుల పంచదారపై టన్నుకు 25,000 మారిషస్ రూపాయల హామీ ధరను ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికే చాలామంది వెళ్ళిపోయారు.

చెరకు పిప్పి సంగతి మరీ ముఖ్యం. మారిషస్ మిల్లులు పిప్పిని కాల్చి కరెంటు తీసి ప్రభుత్వ గ్రిడ్‌కు అమ్ముతాయి. ప్రపంచమంతా ఆ పద్ధతిని మెచ్చుకుంది. కానీ పంచదారలో వాటా రాసిన చట్టం కరెంటు ఆదాయంలో రైతుకు అంత స్పష్టమైన వాటా రాయలేదు. పిప్పికి తమకు దక్కేది చాలదని రైతులు ఏళ్ళ తరబడి పోరాడారు, ఆ తర్వాతే ప్రభుత్వం మొత్తం పెంచింది. చెరకు తగ్గితే పిప్పి తగ్గుతుంది. పిప్పి లేని నెలల్లో అవే ప్లాంట్లలో దిగుమతి బొగ్గు కాలుతుంది. అంటే రైతు పొలం వదిలేస్తే పచ్చని కరెంటూ పోతుంది. సుస్థిర అభివృద్ధి రైతు ఆదాయం మీద ఎలా ఆధారపడి ఉందో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

భూమి మాటా అంతే. పెద్ద తోటలు ఇప్పటికీ కొద్ది కుటుంబాల, కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. 2002 నుంచి విదేశీయులకు విల్లాలు అమ్మే పథకాలు వచ్చాక, చెరకు కంటే ఇళ్ళ స్థలాలే లాభమన్న లెక్క బలపడింది. తినే తిండిలో నాలుగింట మూడు వంతులు ఓడల మీద రావాలి. బియ్యం దాదాపు మొత్తం దిగుమతే. బానిసల సంతతి అయిన క్రియోల్ ప్రజల్లో చాలామందికి ఆనాడు భూమి దక్కలేదు, ఈనాడు అభివృద్ధీ సరిగా దక్కలేదు. 1999లో అక్కడ చెలరేగిన అల్లర్ల వెనుక ఆ అసంతృప్తి ఉంది. ప్రపంచ బ్యాంకు 2020లో ఆ దేశాన్ని అధిక ఆదాయ దేశాల జాబితాలో చేర్చి, కోవిడ్ దెబ్బకు మరుసటి ఏడాదే ఒక మెట్టు దించింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ కళ్ళ చూసిన రైతు మన సభ్యుల్లో ఎంతమంది ఉన్నారు? ఒకప్పుడు అదే ఉత్తర్వులో 5ఏ అనే నిబంధన ఉండేది. భార్గవ కమిషన్ సిఫారసుతో వచ్చిన ఆ నిబంధన మిల్లు అదనపు లాభంలో రైతుకు సగం ఇవ్వమంది. సరిగా అమలు కాలేదు. 2009లో ఎఫ్.ఆర్.పి. తెచ్చినప్పుడు దాన్ని తీసేశారు. 2012లో రంగరాజన్ కమిటీ పంచదార, మొలాసిస్, పిప్పి, మడ్డి అన్నిటి విలువలో 70 శాతం రైతుకివ్వాలని, పంచదార ఒక్కదాన్నే లెక్కిస్తే 75 శాతం ఇవ్వాలని సూచించింది. ఆ తర్వాత ఇథనాల్ వచ్చి పడింది. పెట్రోలులో 20 శాతం కలిపే స్థాయికి దేశం చేరింది. ఆ ఇథనాల్‌లో మన చెరకు వాటా ఎంతో రైతు రసీదులో ఎక్కడా కనబడదు.

ఈలోగా మిల్లులే మూతపడుతున్నాయి. 1937లో, అంటే మారిషస్ రైతులు తుపాకులకు ఎదురు నిలిచిన ఏడాదే, బోధన్‌లో పుట్టిన నిజాం చక్కెర కర్మాగారం 2002లో మెజారిటీ వాటాతో ప్రైవేటు చేతికి వెళ్ళి 2015లో ఆగిపోయింది. చిత్తూరు, కోవూరు, తుమ్మపాల, భీమసింగి సహకార మిల్లుల చిమ్నీల్లో పొగ లేదు. సహకార మిల్లులో రైతు పేరుకు వాటాదారుడే. లెక్కల పుస్తకం మాత్రం అతని చేతికి రాలేదు.

మారిషస్‌ను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. వాళ్ళకు దొరికిన ఐరోపా ధర మనకు దొరకదు. వాళ్ళు ఎగుమతి మీద బతికారు, మన పంచదార ఎక్కువగా మనమే తింటాం. కానీ రెండు దేశాలనూ పక్కపక్కన పెడితే ఒకటి తేలిపోతుంది. వాళ్ళకు వాటా ఉండి కనీస ధర ఆలస్యంగా వచ్చింది. మనకు కనీస ధర ఉండి వాటా లేదు. రైతుకు రెండూ కావాలి. వాటా ఇస్తే ఎఫ్.ఆర్.పి. ఎందుకని మిల్లుల యాజమాన్యాలు రేపు అడుగుతాయి. మారిషస్‌లో వదిలేసిన పొలాలే దానికి జవాబు.

అందుకే మన సంఘం ఈ సీజన్ ముందు ఈ డిమాండ్లు పెడుతోంది. ఎఫ్.ఆర్.పి.ని కనీస హామీగా ఉంచి, దాని మీద పంచదార, మొలాసిస్, ఇథనాల్, కరెంటు ఆదాయాల్లో రైతు వాటాను చట్టంలో రాయాలి. కాటా, రికవరీ పరీక్ష మిల్లుతో సంబంధం లేని సంస్థకు అప్పగించి, రైతు ప్రతినిధి ఎదుట జరపాలి. 14 రోజులు దాటిన బకాయికి వడ్డీని రైతు అడగకుండానే ఖాతాలో వేయాలి. మూతపడిన సహకార మిల్లుల భూములను రియల్ ఎస్టేటుకు మళ్ళించకుండా, వాటి భవిష్యత్తును వాటాదారులైన రైతుల మహాసభల్లో తేల్చాలి. చెరకు మానేస్తున్న ప్రాంతాల్లో అపరాలు, చిరుధాన్యాల వంటి తిండి పంటలకు గిట్టుబాటు ధరతో కొనుగోలు కేంద్రాలు తెరవాలి.

ప్రతి మండల కమిటీ ఈ నెల సమావేశంలో ఒక పని చేయాలని కోరుతున్నాం. సభ్యులు గత సీజన్ మిల్లు రసీదులు తీసుకురావాలి. తోలిన టన్నులు, మిల్లు చూపిన రికవరీ, డబ్బు పడిన తేదీ ఒక పుస్తకంలో రాయాలి. వాటా అడగడానికి వెళ్ళేటప్పుడు మన చేతిలో మన లెక్క ఉండాలి.