పిల్లల నడకకు తగ్గట్టు

దసరా సెలవులు వచ్చినా, సంక్రాంతి సెలవులు వచ్చినా మా భట్టిప్రోలు ప్రాంతం నుంచి వేళాంగణికి వ్యాన్లు బయలుదేరుతుంటాయి. విదేశాల్లో ఉన్న మన బంధువులు పడకలు, వంటగది అమర్చిన బండ్లను అద్దెకు తీసుకుని పిల్లాపాపలతో తిరుగుతారని వింటుంటాం. మన బండిలో అవేమీ ఉండవు. సీట్ల కింద గిన్నెలు, బియ్యం సంచి, పచ్చడి జాడీ ఉంటాయి. వెనక చాపలు, దుప్పట్లు. మధ్యలో తాతయ్య మొదలు చంటిపిల్ల వరకు మూడు తరాల వాళ్లం ఇరుక్కుని కూర్చుంటాం. ఇరుకే అయినా ఆ సంతోషం వేరు.

కొన్నేళ్ల కిందట మేమూ అలాగే వెళ్లాం. మొత్తం పద్నాలుగు మందిమి, అందులో ఆరుగురు పిల్లలు. దారి సుమారు ఏడు వందల కిలోమీటర్లు. మర్నాడు ఉదయం పూజకల్లా ఆరోగ్యమాత సన్నిధిలో ఉండాలని మా పంతం. సాయంత్రం ప్రార్థన చేసుకుని బయలుదేరి చెరుకుపల్లి, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరి హైవే ఎక్కాం. బండికి డ్రైవరు ఒక్కడే. ఆ ఉదయమే ఓ పెళ్లివారిని దించి వచ్చాడని మాకు తెలుసు. తెలిసే ఎక్కాం. ప్రార్థన చేశాం కదా, దేవుడే చూసుకుంటాడనుకున్నాం.

నెల్లూరు దాటాక ఓ పిల్ల ఒంటేలుకు వెళ్లాలంది. ఇప్పుడే ఆపితే ఆలస్యమవుతుంది, కాసేపు ఓర్చుకోమన్నాం. మళ్లీ అడిగితే కసిరాం. ఇంకాసేపటికి ముందు సీట్లో తండ్రి పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల, "నాన్నా, డ్రైవర్ మామయ్య కళ్లు మూసుకుంటున్నాడు" అంది. ఆ తండ్రీ నిద్రలోనే ఉన్నాడు. ఈలోగా ఎడమ చక్రం రోడ్డు దిగి కంకర మీద గరగరలాడింది. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. దగ్గర్లో పెట్రోలు బంకు కనిపిస్తే ఆపించి చాపలు పరిచాం. తెల్లవారే వరకు డ్రైవరును ఎవరూ లేపలేదు. ఉదయం పూజ తప్పిపోయింది.

ఆదికాండం 33వ అధ్యాయం అంతకుముందు ఎన్నిసార్లు చదివామో! అందులోని ప్రయాణం మాత్రం ఆ తర్వాతే మా కంటబడింది. యాకోబు భార్యలతో, పిల్లలతో, మందలతో స్వదేశానికి వస్తుంటాడు. నాలుగు వందల మందితో ఎదురొచ్చిన ఏశావు, కలిసి వెళ్దాం పదమంటాడు. అన్నతో వైరం అప్పుడే తీరింది, కాదనడం కష్టం. అయినా యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివాళ్లని, ఒక్కరోజు గట్టిగా తోలినా మంద చచ్చిపోతుందని, నువ్వు ముందు వెళ్లు, నేను పశువుల నడకకు, పిల్లల నడకకు తగ్గట్టు మెల్లగా వస్తానని చెబుతాడు. దేవునితో పోరాడి ఆశీర్వాదం పొందినవాడు, దారిలో మాత్రం పసివాళ్ల కాళ్లు చూసి నడిచాడు. మేమేమో పసిదాన్ని ఒంటేలుకు కూడా దిగనివ్వలేదు.

ప్రార్థన చేసి బయలుదేరడం మంచిదే. ఆ ప్రార్థన డ్రైవరు నిద్రకు బదులు కాదు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకితే దూతలు పట్టుకుంటారని సాతాను ఆశపెట్టినప్పుడు, దేవుణ్ణి పరీక్షించకూడదని ప్రభువు తిప్పికొట్టాడు. నిద్రలేని మనిషి చేతిలో పద్నాలుగు ప్రాణాలు పెట్టి దేవుడు చూసుకుంటాడనడం ఆ దూకడం లాంటిదే. మనం దాన్ని విశ్వాసమంటున్నాం.

ఇంకో మాట. యాత్ర చేరాక మనం గదుల్లో పడుకుంటాం. డ్రైవరు స్టీరింగు మీద తలవాల్చి దోమల్లో పడుకుంటాడు. తిరుగు ప్రయాణానికి మళ్లీ వేకువనే లేపుతాం. విశ్రాంతి దినపు ఆజ్ఞను ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో చూడండి. నీవలెనే నీ దాసుడూ దాసీ విశ్రమించాలని దాని ఉద్దేశం. ఎద్దును, గాడిదను కూడా మరువలేదు. రవాణా సంస్థల డ్రైవర్లకు రోజుకు 8 గంటలకు మించి పని ఉండరాదని, 5 గంటలకు ఒకసారి కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1961లోనే చట్టం చేశారు. యాత్రకు వెళ్లే మనం చట్టం పాటి దయ అయినా చూపవద్దా?

రెండు రోజుల ప్రయాణమంటే అద్దె పెరుగుతుందని, సెలవులు చాలవని అంటారు. నిజమే, కూలి డబ్బు కూడబెట్టుకుని వెళ్లేవాళ్లకు అది చిన్న మాట కాదు. అలాంటప్పుడు గుణదల ఉంది. 1924లో ఫాదర్ అర్లాటి మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన కొండ అది. తెనాలి మీదుగా పగటిపూట వెళ్లి పగలే తిరిగి రావచ్చు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవం. దూరం ఎక్కువైతే పుణ్యం ఎక్కువని వాక్యంలో ఎక్కడా లేదు.

తర్వాత ఓ సంక్రాంతికి మళ్లీ వేళాంగణి వెళ్లాం. ఈసారి చద్దన్నం తిని తెల్లవారాక బయలుదేరాం. ఓ పూట అద్దె ఎక్కువైతే తలా కాస్త వేసుకున్నాం. సూళ్లూరుపేట దగ్గర శ్రీహరికోట దారిలోకి తిప్పి, పులికాట్ నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగోలను పిల్లలకు చూపించాం. మొదటిసారి ఆ చోటు ఎప్పుడు దాటామో కూడా మాకు గుర్తులేదు. ఆ రాత్రి చెన్నై శివార్లలో బస. మర్నాడు భోజనాలయ్యాక, "ఓ గంట పడుకుంటానండీ" అని డ్రైవరే అడిగాడు. చెట్టు కింద చాప వేసి ఇచ్చాం. పిల్లలు గోల చేయకుండా అవతలికి పోయి ఆడుకున్నారు.