జేబులో సహాయకుడు: ఏది చూసి కొనాలి?

1996లో వచ్చిన పామ్ పైలట్ రెండు చిన్న బ్యాటరీలతో వారాల తరబడి పనిచేసేది. అవి పూర్తిగా అయిపోతే మాత్రం అందులో రాసుకున్నదంతా చెరిగిపోయేది. నేడు ఆ పని స్మార్ట్‌ఫోన్‌దే. కొనేటప్పుడు చాలామంది కెమెరా గురించే విచారిస్తారు. అరవై దాటినవారు చూడవలసింది వేరు. మందుల పట్టికలోని అక్షరాలు మీకు స్పష్టంగా కనిపిస్తున్నాయా? మాత్ర వేళకు మోగే గంట వినబడుతున్నదా? అన్నిటికంటే ముఖ్యం, తాళం తీయకుండానే ఇతరులు చూడగలిగే అత్యవసర వైద్య సమాచారం. మీరు స్పృహ తప్పి ఉన్నప్పుడు, పెన్సిలిన్ మీకు పడదని వైద్యునికి తెలిపేది అదే. ఆ సౌకర్యం లేని పరికరం ఎంత చౌకైనా వద్దంటాను. దుకాణంలోనే వివరాలు నింపి చూడండి (తొందరపెడతారు, పట్టించుకోకండి). ఛార్జింగ్ ఎప్పుడైనా అయిపోవచ్చు కనుక ఇన్సులిన్, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు అదే పట్టికను కాగితంపై రాసి పర్సులోనూ ఉంచుకోండి.